నూట పదిహేడో కుర్రాడు

1984 జూన్‌లో మాంట్రియల్‌లో ఎన్.హెచ్.ఎల్. డ్రాఫ్ట్ జరిగింది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లోకి కొత్త కుర్రాళ్ళని తీసుకునే వార్షిక తంతు ఇది. మన ఐపీఎల్ వేలం లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ పాట ఉండదు, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరి పేరు పిలుచుకుంటూ పోతాయి. ఆ ఏడు మొదటి పేరు మారియో లెమ్యూ. అందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యాలన్నీ కింద ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ కింగ్స్ 69వ స్థానంలో టామ్ గ్లావిన్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. అతను ఎన్.హెచ్.ఎల్.లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా బేస్‌బాల్‌కి వెళ్ళిపోయి అక్కడ గొప్ప పిచర్ అయ్యాడు. అదే కింగ్స్ జట్టు 171వ స్థానంలో, అంటే ఇంకో వంద మంది అయ్యాక, లూక్ రొబిటాయ్ అనే వింగర్‌ని తీసుకుంది. స్కేటింగ్ నెమ్మది అని అందరూ వదిలేసిన ఆ కుర్రాడు తర్వాత 668 గోల్స్ కొట్టాడు. ఈ ఇద్దరికీ మధ్యలో, 117వ స్థానంలో, కాల్గరీ ఫ్లేమ్స్ ఇంకో వింగర్ పేరు పిలిచింది. బ్రెట్ హల్. అతని కెరీర్ మొత్తం 741 గోల్స్.

ఇక్కణ్ణించి వ్యాసం దానంతటదే రాసుకుపోతుంది కదా: స్కౌట్లకి కళ్ళు లేవు, ప్రతిభని గుర్తించలేదు, చివరికి కుర్రాడు గెలిచాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ కాలం గురించి చదివేకొద్దీ ఒక విషయం ఇబ్బంది పెట్టడం మొదలైంది. స్కౌట్లు హల్ గురించి చెప్పిన లోపాల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

హాకీ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మంచు మీద ఒక్కో జట్టుకి ఆరుగురు: గోలీ, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఫార్వర్డ్‌లలో మధ్యవాడు సెంటర్, ఇరుపక్కలవాళ్ళు వింగర్లు. వింగర్ పని గోల్స్ కొట్టడమే అనిపిస్తుంది గానీ కోచ్‌లు చూసేది వేరే. మూలల్లోకి వెళ్ళి, గోడకేసి గుద్దించుకుని మరీ పక్‌ని బయటికి తెస్తున్నాడా? పక్ పోగానే వెనక్కి పరిగెత్తి తన గోల్ వైపు సాయం వస్తున్నాడా? ఒక్కోసారి మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం, ఆ తర్వాత వేరే ముగ్గురు దిగుతారు. ఆ ముప్పావు నిమిషం ఒళ్ళు దాచుకోకుండా ఆడాలన్నది ఈ ఆటలో దాదాపు మతం.

బ్రెట్ హల్ ఒళ్ళు దాచుకునేవాడు. ఒళ్ళు కూడా కాస్త ఎక్కువే ఉండేది. మూలల్లోకి వెళ్ళేవాడు కాదు, వెనక్కి వచ్చేవాడు కాదు. మ్యాచ్‌లో చాలాసేపు అతను ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది. 1983-84లో బ్రిటిష్ కొలంబియాలోని పెంటిక్టన్ జట్టుకి 56 మ్యాచ్‌ల్లో 105 గోల్స్ కొట్టాడు. మ్యాచ్‌కి దాదాపు రెండు. అయినా ఆ లీగ్ రెండో మెట్టు జూనియర్ లీగ్, అక్కడి డిఫెన్స్ సంగతి అందరికీ తెలుసు. చాలామందిని 18 ఏళ్ళకే ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఇతనికి ఇంకో రెండు నెలల్లో ఇరవై నిండబోతున్నాయి. మీరు స్కౌట్ అయితే ఏం రాస్తారు? నేనైతే ఆరో రౌండ్ అనే రాస్తాను.

పైగా ఇంటిపేరు. తండ్రి బాబీ హల్ 1960లలో షికాగో జట్టు లెఫ్ట్ వింగర్, ఆ తరంలో అందరికంటే వేగంగా స్కేట్ చేసేవాళ్ళలో ఒకడు, గోలీలని భయపెట్టిన షాట్ అతనిది. 610 ఎన్.హెచ్.ఎల్. గోల్స్. 1972లో పది లక్షల డాలర్ల బోనస్ తీసుకుని పోటీ లీగ్‌లోని విన్నిపెగ్ జెట్స్‌కి వెళ్ళి సంచలనం చేశాడు. ఇల్లు మాత్రం వేరే కథ. భర్త తనని కొట్టేవాడని బ్రెట్ తల్లి తర్వాతి కాలంలో బహిరంగంగానే చెప్పింది. విడాకుల తర్వాత పిల్లవాడు తల్లితో వాంకూవర్‌లో పెరిగాడు, తండ్రితో రాకపోకలు పెద్దగా లేవు. కానీ రింక్‌లో చూసేవాళ్ళకి ఇవేమీ అక్కర్లేదు. వాళ్ళ కళ్ళు బాబీ కొడుకుని వెతుకుతున్నాయి, అంటే పక్ తీసుకుని ఈ చివర్నించి ఆ చివరికి దూసుకెళ్ళేవాణ్ణి. ఎదురుగా ఉన్నది పక్ తన దగ్గర లేనప్పుడు ఎక్కువ ప్రమాదకరమైన కుర్రాడు.

ఆ తర్వాత ఐదేళ్ళు అతను ఎక్కిన ప్రతి మెట్టు మీదా ఒకే సంభాషణ. మిన్నెసోటా యూనివర్సిటీ డులూత్‌లో రెండో ఏడాది 42 మ్యాచ్‌ల్లో 52 గోల్స్. సరే, కాలేజీ హాకీ. 1986-87లో ఫ్లేమ్స్ కింది జట్టు మాంక్టన్‌లో 67 మ్యాచ్‌ల్లో 50. సరే, మైనర్ లీగ్. ప్రతిచోటా లెక్కలు ఒకటి చెబుతున్నాయి, కళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. మాంక్టన్‌లో అతని కోచ్ టెరీ క్రిస్ప్. మరుసటి ఏడాది క్రిస్ప్‌కి కాల్గరీ పగ్గాలు వచ్చాయి, హల్‌కీ పూర్తిస్థాయి చోటు వచ్చింది. అప్పటికే రెండేళ్ళుగా చూస్తున్న కోచ్ కాబట్టి అభిప్రాయం కొత్తగా ఏర్పడే అవకాశం లేదు. 52 మ్యాచ్‌ల్లో 26 గోల్స్ కొట్టిన కొత్త కుర్రాణ్ణి 1988 మార్చి 7న సెయింట్ లూయిస్ బ్లూస్‌కి ఇచ్చేశారు. స్టీవ్ బోజెక్‌ని కూడా కలిపి ఇచ్చి, బదులుగా డిఫెన్స్ ఆటగాడు రాబ్ రామేజ్‌నీ, గోలీ రిక్ వామ్‌స్లీనీ తెచ్చుకున్నారు.

ఈ బేరాన్ని హాకీ చరిత్రలో పెద్ద పొరపాట్ల జాబితాలో వేస్తుంటారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. కాల్గరీ కుడి వింగ్ వైపు ఆ ఏడాది ఎవరున్నారో చూడండి: 50 గోల్స్ కొట్టిన హోకన్ లూబ్, 40 కొట్టిన జో మలెన్, జట్టుకి పెద్దదిక్కు లానీ మెక్‌డొనాల్డ్. అదే లీగ్‌లో కాల్గరీ ఆ సీజన్ అందరికంటే పైన ఉంది. కుర్రాడి ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు మనం కుర్రాడి గురించే మాట్లాడతాం. ఎదగడానికి అక్కడ ఖాళీ కుర్చీ ఉందా అన్న సంగతి రిపోర్టులో ఎక్కడా ఉండదు. ఇక రామేజ్ సంగతి. 1989 ప్లేఆఫ్స్ మొదట్లోనే కాల్గరీ డిఫెన్స్‌లో ముఖ్యుడు గేరీ సూటర్‌కి దవడ విరిగింది. ఆ లోటు పూడ్చడానికి రామేజ్ ఉన్నాడు. కాల్గరీ స్టాన్లీ కప్ గెలిచింది, ఇప్పటికీ వాళ్ళకున్నది ఆ ఒక్కటే. (గేరీ సూటర్‌ని కూడా 1984 డ్రాఫ్ట్‌లోనే, హల్ కంటే ఇంకా కింద, 180వ స్థానంలో తీసుకున్నారు. చరిత్ర ఇలాంటి చిన్న చిన్న వెక్కిరింతలు చేస్తూనే ఉంటుంది.) ఆ కప్పు కోసం హల్‌ని మళ్ళీ ఇచ్చేస్తావా అంటే ఆ ఊళ్ళో చాలామంది ఇచ్చేస్తామనే అంటారని నా అనుమానం.

సెయింట్ లూయిస్‌లో కోచ్ బ్రయన్ సటర్. ఆరుగురు అన్నదమ్ములూ ఎన్.హెచ్.ఎల్.లో ఆడిన కుటుంబం. అందరికీ ఒకటే పేరు, చచ్చేంత కష్టపడి ఆడతారని. బ్రయన్ తన జీవితమంతా అదే బ్లూస్‌కి లెఫ్ట్ వింగ్ ఆడి, రిటైరైన వెంటనే కోచ్ అయ్యాడు. అంటే హల్‌కి దొరకగలిగిన కోచ్‌లలో, కాగితం మీద చూస్తే, అందరికంటే అన్యాయమైన వాడు. మొదటి పూర్తి సీజన్లో హల్ 41 గోల్స్ కొట్టాడు. ఏ కోచ్ అయినా భుజం తట్టే లెక్క. సటర్ మాత్రం సీజన్ అయ్యాక కూర్చోబెట్టి, ఇది నీ స్థాయి కాదు, ఈ వేసవిలో ఒళ్ళు సరిచేసుకుని రా అని చెప్పాడు.

వచ్చే మూడు సీజన్లు: 72, 86, 70. ఎన్.హెచ్.ఎల్. చరిత్రలో ఒక సీజన్లో 86 కంటే ఎక్కువ కొట్టింది ఇప్పటిదాకా గ్రెట్‌జ్కీ ఒక్కడే, అదీ రెండుసార్లు. 1991లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ హల్‌కి వచ్చింది. తండ్రికి కూడా ఆ ట్రోఫీ ఉంది.

ఇంతకీ ఆ వేసవిలో ఏం మారింది? నాకు ఆసక్తి ఇక్కడే. బరువు తగ్గింది, ఊపిరి పెరిగింది, షిఫ్ట్ చివర్లో కూడా కాళ్ళు పనిచేయడం మొదలైంది. ఆట తీరు మాత్రం మారలేదు. ఆ రోజుల వీడియోలు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. పక్ ఎడమ మూలలో ఉంటుంది, నలుగురైదుగురు అక్కడ కుమ్ముకుంటూ ఉంటారు, హల్ ఫ్రేమ్‌లోనే ఉండడు. లేదా ఉన్నా, తనకేం పట్టనట్టు అటు తిరిగి మెల్లిగా జారుతుంటాడు. డిఫెన్స్‌వాడి కళ్ళు సహజంగా పక్ మీదికి పోతాయి. ఆ చూపు పక్కకి పోయిన అర సెకనులో ఇతను ఎవరూ లేని జాగాలోకి జారుకుని కర్ర ఎత్తేసి ఉంటాడు. పక్‌ని ఆపడు, సర్దుకోడు, వచ్చింది వచ్చినట్టే కొట్టేస్తాడు. గోలీ అటు తిరిగేలోపు అయిపోతుంది.

స్కౌట్లు మ్యాచ్‌లో మాయమైపోతాడు అని ఫిర్యాదు చేసింది దీని గురించే. మాయమవడమే అతని విద్య. మూలలోకి దూకి పోరాడమని చెప్పిన కోచ్ మాట అతను నిజాయితీగా పాటించి ఉంటే, పక్ బయటికొచ్చే క్షణానికి ఆ ఖాళీ జాగాలో ఎవరూ ఉండేవారు కాదు. ఆ రిపోర్టుల్లో లావు అన్న లోపం, మాయమవుతాడు అన్న లోపం పక్కపక్కనే ఉండేవి, ఒకే సిరాతో. మొదటిది దిద్దాల్సిందే, దిద్దకపోతే అతను 40 గోల్స్ దగ్గర ఆగిపోయేవాడు. రెండోదాన్ని దిద్దితే ఆటగాడే మిగలడు. సటర్ గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడ. తన స్వభావానికి పూర్తిగా విరుద్ధమైన ఆటని చూస్తూ, అందులో మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాడు.

ఏడాదికోసారి నాకూ ఒక ఫారం వస్తుంది, జట్టులో కుర్రాళ్ళ గురించి నింపమని. మెరుగుపడాల్సిన అంశాలు అన్న గడి ఖాళీగా వదిలితే సిస్టమ్ ముందుకి పోనివ్వదు. మీటింగుల్లో మాట్లాడడు అని ఒకరి గురించి వరసగా రెండేళ్ళు రాశాను. ఆ కుర్రాడు మా జట్టులో అందరికంటే బాగా బగ్స్ పట్టేవాడు. మేమంతా మాట్లాడుతున్నప్పుడు లాగ్స్ చదువుతూ కూర్చునేవాడు. ఆ గడిలో ఏం రాయాలో నాకిప్పటికీ తెలియదు. సరే, హాకీకి వద్దాం.

ఈ లెక్కల్లో ఇంకో మనిషి వాటా కూడా ఉంది. 1989లో డెట్రాయిట్ నించి సెయింట్ లూయిస్‌కి ఆడమ్ ఓట్స్ అనే సెంటర్ వచ్చాడు. ఖాళీ జాగాలో నిలబడ్డవాడికి ఆ క్షణంలోనే పక్ అందించే మనిషి లేకపోతే, నిలబడ్డవాడు నిజంగానే సోమరి. హల్ 86 కొట్టిన ఏడాది ఓట్స్ 61 మ్యాచ్‌లే ఆడి 90 అసిస్టులు చేశాడు. 1992 ఫిబ్రవరిలో జీతం గొడవల మధ్య అతన్ని బోస్టన్‌కి పంపేశారు. తర్వాతి రెండు సీజన్లలో హల్ 54, 57 కొట్టాడు. ఇంకెవరికైనా జీవితంలో గొప్ప సీజన్లు అవి. 86కీ వీటికీ మధ్య తేడా మొత్తం ఓట్స్‌దేనా? అంత ఖచ్చితంగా కోసి తూచలేం గానీ, ఇరవయ్యేళ్ళ వింగర్‌ని అంచనా వేసేటప్పుడు అతని పక్కన సెంటర్ ఎవరో చూడకుండా లెక్కలు చదవడం మాత్రం పొరపాటు.

ఇంతవరకూ నేను రాసిందానికి అడ్డొచ్చే ముక్క ఒకటుంది, దాచడం బాగోదు. 1998లో, 34వ ఏట, హల్ డాలస్ స్టార్స్‌కి వెళ్ళాడు. కోచ్ కెన్ హిచ్‌కాక్. ముందు డిఫెన్స్, తర్వాతే మిగతాదంతా అనే మనిషి. ఇతను వెనక్కి రాడు అని పదిహేనేళ్ళుగా అందరూ రాస్తూ వచ్చిన ఆటగాడు అక్కడ వెనక్కి వచ్చాడు. సణుగుతూనే అనుకోండి, వచ్చాడు. గోల్స్ తగ్గాయి. 1999 జూన్‌లో బఫలోలో ఫైనల్స్ ఆరో మ్యాచ్ మూడో ఓవర్‌టైమ్‌దాకా పోయింది. గాయాలతో ఆడుతున్న హల్ గోల్ ముందు తిరిగొచ్చిన పక్‌ని లోపలికి తోసి కప్ తెచ్చాడు. అప్పుడు అతని స్కేట్ గోలీ గీత లోపల ఉంది, ఆ ఏడాది నిబంధన ప్రకారం అది చెల్లదని బఫలోవాళ్ళు ఈనాటికీ ఏడుస్తారు. పక్ అతని అధీనంలోనే ఉంది కాబట్టి చెల్లుతుందని లీగ్ తేల్చింది.

మరి చేతనైనవాడు ఇరవై ఏళ్ళప్పుడు ఎందుకు చేయలేదు? క్రిస్ప్ అడిగింది న్యాయమేనా? నాకు తోచింది ఇది: డాలస్‌లో వెనక్కొచ్చిన మనిషికి తన దగ్గరున్న విద్య ఏమిటో అప్పటికి రుజువైపోయింది. 554 గోల్స్ ఖాతాలో వేసుకుని వచ్చినవాడు కొన్ని వదులుకోగలడు. ఖాతాలో ఏమీ లేని కుర్రాణ్ణి అదే అడిగితే అతను వదులుకునేది తన దగ్గరున్న ఒకే ఒక్కదాన్ని. క్రిస్ప్ అభిమానులు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

2001లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ హల్‌ని తీసుకుంది. ఆ జట్టులో లూక్ రొబిటాయ్ కూడా ఉన్నాడు, ఆ 171వ స్థానం మనిషి. కోచ్ హల్‌ని ఇద్దరు కుర్రాళ్ళ పక్కన వేశాడు. వాళ్ళలో ఒకడు రష్యా నించి కొత్తగా వచ్చిన సన్నపాటి సెంటర్ పావెల్ దత్సూక్, 1998 డ్రాఫ్ట్‌లో అతనిదీ 171వ స్థానమే. ఇద్దరు పిల్లలు, ఒక మేక అని ఆ లైన్‌కి పేరు పడింది. ఆ సీజన్ చివర ముగ్గురూ, రొబిటాయ్‌తో సహా, కప్ ఎత్తారు.