మాట్లు వేసిన మోటారు కారు

పాత కార్లు బాగుచేయించడం మగవాళ్ళ పిచ్చి అని మనం తేలిగ్గా కొట్టిపారేస్తాం గానీ, ఏళ్ళ తరబడి మూల పడివున్న కుట్టుమిషన్ని బయటికి లాగి, సందుల్లో నూనె చుక్కలు వేసి, చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఆడించి, మళ్ళీ టకటకలాడించిన ఆడవాళ్ళకి ఆ పిచ్చి బొత్తిగా తెలియనిదేం కాదు. రెండింటికీ సూత్రం ఒకటే. పని చేసే యంత్రం అరుగుతుంది, నిలబడిపోయిన యంత్రం కుళ్ళుతుంది. కదలని కారులో పిస్టన్లు తుప్పుతో సిలిండర్ గోడలకి కరుచుకుపోతాయి. టైర్ల రబ్బరు బిగుసుకుని పగుళ్ళిస్తుంది. సీట్లు ఎలకల కాపురానికి పనికొస్తాయి. అలాంటి బండి దొరికిందని ఉత్సాహపడి వెంటనే ఇంజను తిప్పబోతే ఉన్నది కాస్తా విరుగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు సిలిండర్లలో నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, ఆ తరవాత నెమ్మదిగా చేత్తో కదిలించి చూస్తారు.

ఇదంతా ఓపిక ఉంటే అయ్యే పని. ఎంత ఓపిక ఉన్నా తేలని సంగతి ఇంకొకటుంది. బాగుచేసి ఆ కారుని దాని జీవితంలో ఏ రోజుకి తీసుకెళ్ళాలి? కొట్లోంచి వచ్చిన రోజుకా? అది దర్జాగా తిరిగిన రోజులకా? దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు అమెరికాలోని థామస్ ఫ్లయర్ అనే కారు గుర్తొస్తుంది. దాని కథ కాస్త పొడుగే, అయినా చెప్పుకోతగ్గది.

1908 ఫిబ్రవరి 12న న్యూయార్కు టైమ్స్ స్క్వేర్ నుంచి ఆరు కార్లు పారిస్‌కి పందెం మీద బయల్దేరాయి. మీరు చదివింది నిజమే, న్యూయార్కు నుంచి పారిస్‌కే! మధ్యలో సముద్రం ఉంది కదా అంటారేమో, వాళ్ళు పడమటి దిక్కుగా భూమిని చుట్టి వెళ్ళాలనుకున్నారు. అమెరికా దాటి, అలాస్కా మంచులో నడిచి, సైబీరియా మీదుగా ఐరోపా చేరాలని పథకం. మూడు ఫ్రెంచి కార్లు, ఒకటి జర్మనీది, ఒకటి ఇటలీది, అమెరికా తరఫున ఈ థామస్ ఫ్లయరు. బఫెలో నగరంలో తయారైన బండి. నాలుగు సిలిండర్లు, అరవై అశ్వశక్తి. అందులో మెకానిక్కుగా ఎక్కిన మనిషి జార్జ్ షుస్టర్. దారిలో స్టీరింగు పట్టినవాళ్ళు మారారు గానీ, అమెరికా జట్టులో మొదటి నుంచి చివరిదాకా వెళ్ళింది ఆయనొక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కో తరవాత నడిపిందీ ఆయనే.

రోడ్డు లేని చోట కారు నడపడమంటే ఏమిటో మనం ఊహించలేం. నడుం లోతు మంచు తవ్వుకుంటూ అమెరికా దాటడానికే నలభై ఒక్క రోజులు పట్టింది. అలాస్కా చేరాక అక్కడ ముందుకు వెళ్ళడం మనిషి వల్ల కాదని తేలింది. వెనక్కి వచ్చి, ఓడలో జపాను మీదుగా వ్లాదివోస్తోక్ చేరారు. సైబీరియాలో ఒకటే బురద. కొన్నిచోట్ల రైలు పట్టాల మీద దడదడలాడుతూ పోవలసి వచ్చింది. గేరుచక్రం పళ్ళు ఊడాయి, చట్రం బీటలిచ్చింది. విరిగిన చోటల్లా షుస్టరే ఏదో ఒక ఇనప ముక్క సంపాదించి అతుకు వేసుకుంటూ ముందుకు సాగాడు.

వ్లాదివోస్తోక్ నుంచి బయల్దేరిన కొత్తల్లోనే జర్మన్ల ప్రోటోస్ కారు బురదలో దిగబడి కనిపించింది. పందెంలో పోటీదారు కూరుకుపోతే చూసీ చూడనట్టు పోవచ్చు. వీళ్ళు పోలేదు, దిగి, తాడు కట్టి బయటికి లాగారు. జర్మన్ సైనికాధికారి కోపెన్ సంతోషం పట్టలేక దాచుకున్న షాంపేన్ సీసా తీశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పందెం మొత్తంలో నాకు నచ్చిన ఘట్టం ఇదే.

తమాషా ఏమిటంటే పారిస్‌కి ముందు చేరింది ఆ జర్మన్ కారే, జూలై 26న. అయితే అలాస్కా వెళ్ళనందుకూ, అమెరికాలో కొంతదూరం రైలెక్కినందుకూ దానికి ముప్ఫై రోజులు కోత పెట్టారు. నాలుగు రోజుల తరవాత, జూలై 30 రాత్రి, థామస్ ఫ్లయర్ పారిస్‌లో అడుగుపెట్టింది. బయల్దేరిన నూట అరవై తొమ్మిదో రోజన్నమాట. ఊళ్ళోకి రాగానే పోలీసు ఆపేశాడు, కారుకి దీపం లేదట! భూమి చుట్టి వచ్చినవాళ్ళకి చివరి మైలు దగ్గర ఈ అడ్డంకి. దారినపోయే సైకిలు మనిషొకడు జాలిపడి తన సైకిలు దీపం ఇస్తానన్నాడు. తీరా చూస్తే అది ఊడి రాదే! చివరికి సైకిలుతో సహా కారు మీదికి ఎత్తించుకుని విజయోత్సాహంతో వెళ్ళారు.

ఆ తరవాత కథ మామూలే. కొన్నేళ్ళకే కంపెనీ దివాలా తీసింది. 1913లో ఆస్తులు వేలం వేసినప్పుడు జగజ్జేత కారు కూడా సామాను జాబితాలో ఒక నంబరుగా అమ్ముడుపోయింది. చేతులు మారింది, దశాబ్దాలు పనీపాటా లేకుండా నిలబడింది, తుప్పు పట్టింది. లాంగ్ ఐలాండ్‌లో పాత కార్లు పోగుచేసే హెన్రీ ఆస్టిన్ క్లార్క్ అనే ఆయన దగ్గరికి చేరింది. జూదశాలలు నడిపి బాగా గడించిన బిల్ హారా 1964లో ఆయన దగ్గర్నుంచి కొని, రీనో నగరంలోని తన వర్క్‌షాపుకి తెప్పించాడు.

తెచ్చాక అసలు అనుమానం వచ్చింది. ఇది నిజంగా ఆ కారేనా? థామస్ కంపెనీ అలాంటివి ఇంకా చేసింది కదా. అప్పటికి షుస్టర్‌కి తొంభై ఒక్క ఏళ్ళు. ఆయన్ని రప్పించి చూపించారు. పెద్దాయనకి మొదట నమ్మకం కుదరలేదంటారు. యాభై ఆరేళ్ళు గడిచాయి, పైపై రూపం ఎన్నిసార్లు మారిందో! అయితే పనివాళ్ళు ఒక్కొక్క భాగమే విప్పుతూ లోపలికి వెళ్ళేసరికి, తన చేత్తో వేసిన అతుకులు బయటపడ్డాయి. వాటిని చూసి, ఇది నా కారే అన్నాడు.

మనకిది వింత కాదు. పెళ్ళింట్లో పది ఇళ్ళ గంగాళాలూ గుండిగలూ కలిసిపోయాక మనది మనం ఎలా పోల్చుకునేవాళ్ళం? మెరుపు చూసి కాదు, అన్నీ చింతపండు పెట్టి తోమినవే. అడుగున పడిన సొట్ట చూసి, ఫలానా ఏడు వీధిలోకి వచ్చినవాడి చేత వేయించిన మాటు చూసి. ఇత్తడి బిందె మీద అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉండేది. తళతళలాడాలని దాన్ని మెరుగుకి ఇస్తే, మెరుగుతోపాటు ఆ చుక్కలూ పోతాయి. మా పిన్ని ఇప్పటికీ తన బిందెని ఎవరి చేతికీ ఇవ్వదు. నల్లగా ఉంటే ఉండనీ, అక్షరాలు ఉన్నాయి కదా అంటుంది.

హారాకి డబ్బుకి లోటు లేదు, పనివాళ్ళకి లోటు లేదు. ఆ కారుని 1907లో ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజులా అద్దంలా మెరిపించగలడు. అలా చేయించలేదు. పందెం ముగించి పారిస్ చేరిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలన్నాడు. ఆ పని కొత్తరంగు వేయడంకన్నా కష్టం. ఏ తుప్పు సైబీరియాది, ఏ తుప్పు తరవాతి నిర్లక్ష్యానిది అని విడదీయాలి. మొదటిది ఉంచాలి, రెండోది తీయాలి. పాతదనాన్ని పనిగట్టుకుని తయారు చేయడం నటన కాదా అని మావారు వాదిస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అతుకులు నటన కావు కదా! అవి వేసిన మనిషి పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాడాయె.

షుస్టర్ 1972లో, తొంభై తొమ్మిదో ఏట పోయాడు. 1978లో హారా కూడా పోయాక ఆయన పోగుచేసిన పధ్నాలుగు వందల పైచిలుకు కార్లలో చాలావాటికి 1984 నుంచి వరసగా వేలంపాటలు జరిగాయి. మళ్ళీ వేలం, మళ్ళీ జాబితా, మళ్ళీ నంబరు! ఈ కారు మాత్రం ఈసారి తప్పించుకుంది. ఊరివాళ్ళు గోల చేయగా మ్యూజియం కోసం విడిగా ఉంచిన నూట డెబ్భై చిల్లర కార్లలో అదీ ఉంది. 1989లో రీనోలో, ట్రక్కీ నది ఒడ్డున ఆ మ్యూజియం తెరిచారు. తళతళలాడే కార్ల మధ్య మన ఫ్లయరు అతుకులతోనే అక్కడుంది.