భూపరీక్ష: గృహనిర్మాణానికి నేలను ఎంచిన పద్ధతులపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఇల్లు కట్టబోయే స్థలాన్ని ముందుగా పరీక్షించాలన్న నియమం మన వాస్తుగ్రంథాలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఆ పరీక్షలను నేటి భూసాంకేతిక శాస్త్రానికి పూర్వరూపాలని ప్రశంసించేవారు ఉన్నారు. వట్టి నమ్మకాలని తోసిపుచ్చేవారూ ఉన్నారు. ఉభయపక్షాలలో గుంట తవ్వి చూచినవారు అరుదు. ఆ పరీక్షలు వాస్తవంగా నేలలోని ఏ గుణాన్ని కొలిచాయో, దేనిని కొలవలేకపోయాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథాలలోని పరీక్షలు:

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయంలో రెండు ముఖ్యపరీక్షలు చెప్పాడు. స్థలం మధ్యలో మూరెడు గుంట తవ్వి, తీసిన మన్నుతోనే దానిని తిరిగి పూడ్చాలి. మన్ను చాలకపోతే అశుభం, సరిపోతే మధ్యమం, మిగిలితే ఉత్తమం. రెండవది, గుంటను నీటితో నింపి నూరడుగులు నడిచి తిరిగి రావాలి. నీరు తగ్గకుండా ఉంటే ఆ నేల మంచిది. దక్షిణదేశ శిల్పగ్రంథమైన మయమతంలో ఈ గడువు ఒక రాత్రికి పెరిగింది. సాయంకాలం నీరు పోసి ఉదయం చూడాలి.

వీటి పక్కనే వేరే తరహా పరీక్షలూ ఉన్నాయి. తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు మన్నులను వరుసగా నాలుగు వర్ణాలకు కేటాయించడం, ఆ నాలుగు రంగుల పూలను గుంటలో ఉంచి ఏది వాడలేదో చూడడం అటువంటివి. ఇవి నేల బలాన్ని కాక సమాజంలోని అంతరాలను మట్టికి అంటగట్టాయి. ఎవరి మనసు ఏ నేలపై రమిస్తుందో అదే వారికి శుభమని వరాహమిహిరుడు అక్కడే అనడం గమనార్హం. వర్ణనియమాన్ని చెప్పినవాడే దానికొక సడలింపునూ ఇచ్చాడు.

గుంట కొలిచినదేమి?

మొదటి పరీక్షకు భౌతికమైన ఆధారం ఉంది. గట్టిగా కుదురుకొన్న మట్టిని తవ్వితే గడ్డలు విడిపోయి, మధ్య ఖాళీలు ఏర్పడి పరిమాణం పెరుగుతుంది. కనుక మన్ను మిగులుతుంది. పాత పూడిక, పుట్టలున్న చోటు, గుల్లనేల అయితే తిరిగి నింపేటప్పుడు అణిగి చాలకుండా పోతుంది. అంటే ఈ పరీక్ష సహజసాంద్రతను పరోక్షంగా సూచిస్తుంది. నేడు రోడ్ల పనులలో చేసే ఇసుక పరీక్షకూ మూలసూత్రం ఇదే. తవ్విన మట్టిని తూచి, ఆ గుంటను సాంద్రత తెలిసిన ఇసుకతో నింపి దాని ఘనపరిమాణం కడతారు. అయితే పాత పరీక్షలో పూడ్చేవాడు మన్నును ఎంత గట్టిగా కూరుతాడన్నదానికి కట్టుబాటు లేదు. ఫలితం కొంత అతని చేతిలోనే ఉండేది.

రెండవ పరీక్ష సంగతి వేరు. మొరం నేల పునాదికి మేలైనది, కానీ గుంటలోని నీటిని త్వరగా పీల్చివేస్తుంది. బంకమట్టి నీటిని నిలుపుతుంది. ఆ లెక్కన మొదటి పరీక్షలో నెగ్గిన మొరం రెండవదానిలో ఓడిపోవచ్చు. బరువు మోయడమొక్కటే లక్ష్యమైతే ఈ పరీక్షకు అర్థం లేదు. మయమతం పరీక్షించిన భూమిని దున్ని విత్తనాలు చల్లమని కూడా చెబుతుంది. నివాసమంటే పెరడు, పశువులు, పైరు కూడానన్న దృష్టి అక్కడ ఉంది. నీరు నిలిచే నేలను కోరడం ఆ దృష్టికి తగినదేనని నా అభిప్రాయం.

నల్లరేగడి వద్ద చిక్కు:

ఈ పరీక్షల అసలు లోపం నల్లరేగడిలో బయటపడుతుంది. కృష్ణా, గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల రైతులకు తెలిసిన సంగతే ఇది. వేసవిలో రేగడి రాయిలా బిగుసుకొని నెర్రెలు విచ్చుతుంది. వానకు ఉబ్బి ఆ నెర్రెలు మూసుకొంటాయి. మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీటిని పొరల మధ్యకు తీసుకోవడం దీనికి కారణం. వేసవిలో తవ్వితే గడ్డలు మిగిలి నేల ఉత్తమమని తేలుతుంది. నీరు పోస్తే నెర్రెలలోకి జారిపోయి అధమమని తేలుతుంది. వర్షాకాలంలో అదే గుంటలో నీరు కదలక నిలుస్తుంది. పై రెండు పరీక్షల వర్ణనలో ఋతువు ప్రసక్తి లేదు. వరాహమిహిరుని అవంతి కూడా నల్లరేగడి సీమే కావడం ఇక్కడ ఆలోచించదగినది.

రంగును బట్టి నల్లమన్నును చివరన నిలిపినవారికి ఈ దోషం తెలుసునని కొందరు వాదించవచ్చు. కానీ ఆ క్రమం నాలుగవ వర్ణానికి నలుపును కేటాయించిందే తప్ప ఉబ్బును గురించి ఏమీ చెప్పలేదు.

ఆధునిక కొలతలు:

మట్టికీ నీటికీ ఉన్న సంబంధాన్ని అంకెలలో పట్టిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది 1911లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అట్టెర్‌బర్గ్ ప్రతిపాదించిన హద్దులు. 1925లో టెర్జాఘీ గ్రంథంతో మృత్తికాయాంత్రికశాస్త్రం ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకొంది. భారతీయ ప్రమాణాలలో రేగడిని గుర్తించే పద్ధతి చాలా సులువు. పొడిచేసి ఆరబెట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో శుద్ధజలం, మరొకదానిలో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటల తరువాత రెండింటి ఎత్తుల తేడా ఉబ్బును తెలుపుతుంది. వ్యవధి దాదాపు మయమతం చెప్పినదే, అడిగే ప్రశ్న మాత్రం మారింది. నీరు మట్టిలో నిలిచిందా అని కాక, నీరు మట్టిని ఏమి చేసిందని అడుగుతున్నారు.

రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలల కోసం అడుగున గడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాల పునాదిని అభివృద్ధి చేసింది. ఆ గడ్డ వ్యాసం సాధారణంగా స్తంభానికి రెండున్నర రెట్లు ఉంటుంది. లోతైన రేగడిలో కనీసం 3.5 మీటర్లు దిగాలి. పైపొర ఎండకూ వానకూ ఎంత కదిలినా, తేమ మారని లోతున ఆ గడ్డ పట్టు వదలదు. మూరెడు గుంటకు ఆ లోతు అందదు.