బ్యాటరీ లైటు మరమ్మతు

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతుకు బ్యాటరీ లైటు పనిముట్టే. పాములు తిరిగే గట్ల మీద అది ఆరిపోతే ప్రమాదం. అందుకే దాని మరమ్మతు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

లైటు వెలగకపోతే ముందు సెల్లులు చూడాలి. మామూలు కొత్త సెల్లు సుమారు 1.5 వోల్టులు ఇస్తుంది. పాతదీ కొత్తదీ కలిపి వేస్తే బలహీనమైనది త్వరగా కారుతుంది. సెల్లులు బాగున్నా వెలగలేదంటే చాలాసార్లు తప్పు స్ప్రింగు దగ్గరే ఉంటుంది: కారిన రసాయనం, తుప్పు కరెంటును అడ్డుకుంటాయి. ఆల్కలైన్ సెల్లు వదిలిన తెల్లపొడిని నిమ్మరసంలో తడిపిన గుడ్డతో తుడవాలి, తుప్పును గరుకు కాగితంతో గీకాలి, ఆ తర్వాత బాగా ఆరనివ్వాలి. ఆ పొడి చర్మానికి, కళ్లకు తగలకూడదు. స్విచ్చి రెండు కొసలనూ చిన్న తీగతో కలిపినప్పుడు వెలిగితే లోపం స్విచ్చిదే.

పాత ఫిలమెంటు బల్బు సెల్లులు తిరగేసి వేసినా వెలుగుతుంది, ఎల్‌ఈడీ వెలగదు. ఛార్జింగు లైట్లలోని లెడ్ యాసిడ్ బ్యాటరీని నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ ఛార్జి నిలుపుకోదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం విప్పకూడదు, ఛార్జి పెట్టకూడదు.