కత్తి యుక్కులు: పదునును సానయు

కత్తియుక్కు గుణమును నిర్ణయించునది కాఠిన్యమొక్కటియే కాదు. లోహగర్భమున నిమిడియుండు కార్బైడు కణముల జాతియు, పరిమాణమును అంతే ముఖ్యములు. జపానుదేశపు షిరోగామి యుక్కునందు ఇనుము, కర్బనము తప్ప నితర ధాతువులు మిక్కిలి స్వల్పములగుటచే, నది సామాన్యమైన సానరాతిమీదనే కొలదిసేపటిలో క్షురధారవంటి వాడిని పొందును. కాని తేమ తగిలినంతనే త్రుప్పుపట్టును, పదునును దీర్ఘకాలము నిలువదు. 2001 ప్రాంతమున అమెరికాలో వెలువడిన ఎస్30వి యుక్కునందో, కర్బనము 1.45, క్రోమియము 14, వనాడియము 4 శాతముల చొప్పున కలవు. వనాడియము కార్బైడు సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడుకంటెను కఠినము గనుక, ధార నే గుణము చిరకాలము నిలుపునో ఆ గుణమే సానపట్టు చేతికి శ్రమ కలిగించును. వజ్రపుపొడి పొదిగిన పలకయే దానికి తగినది. దినదినము సానరాయి పట్టు నోపికగల వంటవారికి మొదటిదే మేలు.