కొరమేను, కప్ప గాలం, మన కాలువ గట్టు

పోస్టు కాస్త పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

ఈమధ్య ఫోన్లలో ఒక వేట తెగ తిరుగుతోంది. పొడవాటి ఫైబరు కర్ర, దానికో చక్రం, దారం చివర రబ్బరు కప్ప. కలువాకుల మీదకి విసిరి చిన్న చిన్న కుదుపులతో లాగుతుంటే కప్ప నీటి మీద గెంతుతున్నట్టే ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్లు పగిలి కొరమేను దాన్ని అందుకుంటుంది. మన కాట్రేనికోన కుర్రాళ్లు కూడా చూసి "కొత్త ఆట వచ్చిందిరా" అంటున్నారు. అందులో కొత్తది రబ్బరు, చక్రం. మిగతాదంతా మన తాతలు ఇంటి పక్క కాలువలో చేసిందే. వాళ్లు చేసినప్పుడు దాన్ని ఎవరూ ఆట అనలేదు. వేరే పేర్లు పెట్టారు. ఆ పేర్ల సంగతే ఈ పోస్టు.

ముందు ఏజెన్సీ వైపు అన్నదమ్ములకు ఒక మాట. కోనసీమ అంటే కొబ్బరి, వరి, గోదావరి పాయలు. ఇక్కడ కొండల్లేవు, అడవంటే సముద్రం వైపు మడ అడవే. ఇక్కడా ఎస్టీలున్నారా అని మీలో కొందరు అడిగారు. ఉన్నాం. యానాదులం, ఎరుకలవాళ్లం, కాలువ గట్ల మీద, చెరువు గట్ల మీద, ఊరి చివర, తక్కువమందిమే. మీకు అడవి ఎలాగో మాకు నీళ్లు అలాగ.

ఇక చేప. కొరమేను మొప్పల మీద మాత్రమే ఆధారపడి బతకదు. దాని తలలో గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగి వెళ్తుంది. పైకి రానివ్వకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. అందుకే కుండలో రెండు దోసిళ్ల నీళ్లతో సంతకి బతికే వెళ్తుంది. వేసవిలో గుంట ఇంకిపోతే బురదలో దూరి వానదాకా ఓపిక పడుతుంది. ఆ బతికే గుణం వల్లే ఆపరేషన్ అయినవాళ్లకి, నీరసపడ్డవాళ్లకి కొరమేను పులుసు పెట్టమంటారు. హైదరాబాదులో మృగశిర కార్తెకి బత్తినివారు ఉబ్బసం మందు మింగించేది కూడా బతికున్న కొరమేను పిల్ల నోట్లో పెట్టే. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ.

పైకి రాక తప్పని చేప కాబట్టి పైనే వేట. వెదురు కర్ర చివర గట్టి దారం, గాలానికి చిన్న కప్ప. బెండు ఉండదు, బరువు ఉండదు. గట్టు మీద చప్పుడు కాకుండా కూర్చోవాలి. నీడ నీళ్ల మీద పడకూడదు. గుర్రపుడెక్క మధ్య, తామరాకుల మధ్య అరచేయంత ఖాళీ చూసి కప్పని అక్కడ దించి, కర్ర కొసతో తాటించాలి. ఒక గెంతు, ఆగడం. ఇంకో గెంతు, ఆగడం. ఆగినప్పుడే దెబ్బ పడుతుంది. పడగానే లాగితే కప్ప ఒక్కటే చేతికొస్తుంది, ఎందుకంటే కొరమేను ముందు పట్టుకుంటుంది, తర్వాత మింగుతుంది. ఆ రెంటి మధ్య ఆగడం తెలిసినవాడే వేటగాడు. మా తాత అప్పుడు నోట్లో చుట్ట ఒక దమ్ము లాగేవాడట, అది ఆయన గడియారం. ఇప్పుడు రబ్బరు కప్పతో పట్టేవాళ్లు కూడా దెబ్బ పడ్డాక ఒక క్షణం ఆగమనే చెప్తారు. రబ్బరు కప్పలో ఒక్క తెలివి మాత్రం నాకు నచ్చింది: గాలాలు రెండూ పొట్టకి, వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి, నాచుకి తగులుకోవు. చేప నొక్కితేనే బయటికొస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వానాకాలం సంగతి. తొలకరి పడ్డాక కొరమేను జంట కలుపు మొక్కల మధ్య కొంచెం చోటు ఖాళీ చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా పైకొస్తుంటే ఆ ఒక్క చోట చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. అప్పుడు కప్పని గెంతిస్తే ఆకలి లేకపోయినా కోపంతో కొడుతుంది. చాలా వీడియోల్లో పట్టేది ఈ కాపలా చేపనే, ఎర్రపిల్లల గుంపు మీదకే గురిచూసి విసురుతారు. మా ఇంట్లో అది చేయనిచ్చేవాళ్లు కాదు. దయ అని కాదు. ఆ గుంట మళ్లీ ఏడాది మా గుంటే, అందులో చేప లేకపోతే కూడులోకి కూర లేదు. లైకుల కోసం పట్టేవాడికి వచ్చే ఏడాదితో పని లేదు.

ఇంతకీ కాట్రేనికోన లాంటి శివారులో ఇన్ని తీపినీళ్లు ఎక్కడివి? సముద్రం ఒక వైపు, గౌతమి పాయ ఒక వైపు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఫోటోకి కోనసీమలో దండ వేయని ఊరు తక్కువ. తర్వాత మధ్య డెల్టా కాలువలు తవ్వుకుంటూ వచ్చారు, నీళ్లు శివారుదాకా చేరాయి, వరి పెరిగింది. పంట కాలువ, మురుగు కాలువ, కొబ్బరితోటల్లో బోదెలు, ఇళ్ల పక్క మట్టి తీసిన గుంటలు, ఇవన్నీ కొరమేనుకి ఇళ్లయ్యాయి. భూమి ఉన్నవాడికి కాలువ వరి ఇచ్చింది. భూమి లేనివాడికి కాలువ ఇచ్చింది చేప. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లోతట్టున మిగిలిన మడుగుల్లో ఊతలతో, చేతులతో, నీళ్లు తోడి పట్టేవాళ్లు. మిగతా కాలం గాలం. దానికి లీజు లేదు, రసీదు లేదు. ఇది రాజులిచ్చిన హక్కు కాదు, ఎవరికీ అక్కర్లేని అంచు కాబట్టి మిగిలిన హక్కు.

అదే కాలంలో తెల్లదొరలు కూడా చేపల మీద పడ్డారు. 1873లో రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు ఇండియా, బర్మా మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక. ఆనకట్టలు చేపల దారి మూసేస్తున్నాయని అందులో ఉంది. దాంతోపాటు ఇక్కడివాళ్లు సన్న కన్నుల వలలతో, మావులతో చిన్న చేపల్ని ఊడ్చేస్తున్నారన్న ఫిర్యాదూ ఉంది. 1897లో వచ్చిన చేపల చట్టం నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమంది. అది సరైనదే. అయితే బోను పెట్టడం, వల కన్ను, కొంతకాలం వేట ఆపడం అన్నవాటి మీద కూడా ప్రభుత్వాలు నిబంధనలు పెట్టొచ్చంది. ఆనకట్టకి మాత్రం ఏ నెలా సెలవు లేదు. రెండో పుస్తకం హెన్రీ సల్లివన్ థామస్ రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా'. ఈయన మద్రాసు రాష్ట్రంలో సివిల్ ఉద్యోగి. గాలం వేయడం మీద పుస్తకమే రాశాడు, 1887లో చెరువుల్లో గాలం మీద ఇంకోటి. దొర చేతిలో కర్ర ఉంటే విద్య.

మన చేతిలో ఉంటే? 1871లో నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిలో మొదలైంది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. నెల్లూరు వైపు యానాదులనూ ఆ జాబితాల్లోకి లాగారు. పేరు నమోదైనవాడు హాజరు పలకాలి, ఊరు దాటితే అనుమతి కావాలి. ఇప్పుడు ఆలోచించండి. కొరమేను గాలానికి మంచి వేళ తెల్లారగట్ల, పొద్దుగూకాక. ఆ వేళకి గట్టు మీద చప్పుడు చేయకుండా కూర్చున్న మనిషి థామస్ దొర అయితే వేటగాడు, మనవాడు అయితే అనుమానితుడు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. చట్టం పోయాక అలవాటు వెంటనే పోలేదు. "ఈ వేళప్పుడు గట్టు మీద నీకేం పని" అన్న ప్రశ్న నా వయసువాళ్లు కూడా విన్నారు.

పేర్ల సంగతన్నాను కదా. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. యానాదుల గురించి చివరి సంపుటంలో ఉంటుంది. అందులో మనల్ని మంచి యానాదులు, అడవి యానాదులు, చల్లా యానాదులు అని విడదీస్తూ 'కప్పల యానాదులు' అని ఒక రకం చెప్తాడు, కప్పలు తినేవాళ్లని. కాలేజీలో ఆ పేరుతో ఏడిపించారని ఒక చెల్లెలు నాతో చెప్పి ఏడ్చింది. నాకైతే ఆ పేరులో వేరే విషయం కనిపిస్తుంది. కప్ప ఏ వేళకి ఎక్కడుంటుందో, ఎలా గెంతుతుందో, ఏ చేప దానికోసం కాసుకుంటుందో తెలిసినవాళ్ల పేరు అది. ఆ గెంతునే ఇప్పుడు రబ్బరులో పోసి కొన్ని వందల రూపాయలకి అమ్ముతున్నారు. (నిజం కప్ప వాడొద్దని మాత్రం నేనూ చెప్తాను. కప్ప కాళ్ల ఎగుమతికి పట్టీ పట్టీ పొలాల్లో పురుగు పెరిగిపోయాక 1987లో దేశం ఆ ఎగుమతి ఆపేసింది. పెద్ద కప్పలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. రబ్బరుదే మేలు.)

వెనక్కి వెళ్లి చూస్తే కొరమేనుకి పెద్ద దెబ్బలు రెండు. ఒకటి పుండ్ల రోగం. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి దేశంలోకి వచ్చి, తర్వాతి కొన్నేళ్లలో ఆంధ్రా నీళ్లకీ పాకింది. ఒళ్లంతా ఎర్రటి పుండ్లతో తేలేవి, అందరికన్నా ఎక్కువ పోయింది కొరమేను, మట్టగిడసలే. జనం చేపలు తినడానికే భయపడ్డారు. రెండోది ఇంకా నడుస్తున్నది: ఆక్వా. 1980లనుంచి చేపల చెరువులు, తర్వాత రొయ్యలు, 2009 తర్వాత వనామీ. కాట్రేనికోన చుట్టూ వరిచేలు చెరువులయ్యాయి. ఉప్పు కలిసిన మురుగు కాలువలో కొరమేను నిలవదు. వరిచేను ఉన్నప్పుడు బోదె అందరిదీ. చెరువయ్యాక చుట్టూ గట్టు, గట్టు చుట్టూ వల, దానికి కాపలాదారు. ఆ కాపలాదారు చాలా చోట్ల మన యానాది అన్నే. అడ్వాన్సు తీసుకుని పెళ్లాం బిడ్డల్తో గట్టు మీద గుడిసెలో ఏళ్లకేళ్లు ఉండిపోయినవాళ్లు ఉన్నారు. చేపల జాడ తెలిసినవాడే వేరేవాళ్ల చేపలకి కట్టుబానిస.

ఇలా నీటిమీది ఎరతో పెద్ద చేపని పట్టే వేటకి లోకమంతా పేరున్న చోటు ఒకటుంది, ఆస్ట్రేలియాలో మర్రే నది. అక్కడి చేప మర్రే కాడ్. పేరుకి కాడ్, సముద్రపు కాడ్‌కి చుట్టం కాదు. వంద కిలోలు దాటినవి కూడా నమోదయ్యాయి. చీకటి పడ్డాక నీటిమీద చప్పుడు చేసుకుంటూ పోయే బొమ్మ ఎర వేసి పడతారు. అక్కడి ఆదివాసుల్లో నరిన్‌జెరి వాళ్లకి ఆ చేప పేరు పోండే. పూర్వీకుడు నురుందెరి పడవలో తరుముతుంటే పోండే తప్పించుకుంటూ తోక కొట్టిన ప్రతిచోటా నది వంపు తిరిగిందట. నదిని చేసిందే ఆ చేప. తర్వాత తెల్లవాళ్లు పడవలకొద్దీ పట్టి పట్నాలకి పంపారు, నదికి ఆనకట్టలు కట్టారు, చేప తగ్గిపోయింది. వాళ్ల న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2009లో ఆదివాసుల సంప్రదాయ చేపల వేటని గుర్తిస్తూ చట్ట సవరణ చేసింది. ఆ సెక్షన్‌ని మాత్రం ఏళ్ల తరబడి అమల్లోకి తేలేదు. చదువుతుంటే మనూరి కథలాగే ఉంది కదా.

మనకీ కాగితం మీద ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు గురించి చెప్తుంది. ఏజెన్సీ తమ్ముళ్లూ, మీ వాగులు, కుంటల మీద ఆ క్లెయిము పెట్టారా లేదా ఒకసారి మీ గ్రామసభలో అడగండి. అటవీ భూమికే ఆ చట్టం కాబట్టి మన పంట కాలువకి, పంచాయతీ చెరువుకి అది పనిచేయదు. పంచాయతీ చెరువు వేలానికి పోతుంది, పాట పాడే డబ్బు మన దగ్గర ఉండదు. మిగిలిన దారి సహకార సంఘం. నెల్లూరు వైపు యానాదుల చేపల సంఘాలున్నాయి. అక్కడి అన్నలు ఎవరైనా సంఘం ఎలా రిజిస్టరు చేశారో, సభ్యత్వానికి ఏం పత్రాలు అడిగారో, చెరువు ఎలా దక్కిందో వివరంగా రాస్తే ఇక్కడ మేం వాడుకుంటాం. తెలంగాణ కొరమేనుని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. చేపకి హోదా వచ్చింది, పట్టినవాడికి గుర్తింపు కార్డు కూడా లేని ఇళ్లు నాకు తెలుసు.

ఇంకో పని. ఇంట్లో తాత, నాయనమ్మ ఉన్నవాళ్లు ఈ నెలలోనే అడిగి రాయండి: కప్ప గాలాన్ని మీ ఊళ్లో ఏమంటారు, కర్ర ఏ చెట్టుది, దారం దేనితో పేనేవారు, ఎర్రపిల్లల గుంపుకి మీ దగ్గర పేరేంటి, ఏ గుంటలో ఎవరు పట్టేవారు, అది ఇప్పుడు ఎవరి చెరువైంది. గుంట పేరు, ఏడాది గుర్తుంటే తప్పకుండా రాయండి. 1996 నవంబరు తుపానుకి ముందా తర్వాతా అన్నా చాలు, కోనసీమలో అందరికీ ఆ లెక్క తెలుస్తుంది.