డాబా మీద సోలార్ డిష్ కుక్కర్.. వాడే ముందు ఇవి తెలుసుకోండి

తిరగేసిన గొడుగులా మెరిసే డిష్, దాని మధ్యలో ఒక గిన్నె. గ్యాస్ లేదు, కరెంటు లేదు. అయినా అరగంటలో పప్పుకు ఎసరు మరిగిపోతుంది. ఇలాంటి వీడియోలు చూసినప్పుడు ‘మన డాబా మీద కూడా ఒకటి పెట్టుకుంటే బాగుండు’ అని మీకూ అనిపించి ఉండొచ్చు.

పెట్టుకోవచ్చు. కానీ ఒక సంగతి ముందే గుర్తుంచుకోవాలి. గ్యాస్ స్టవ్‌కు ఉన్నట్టు దీనికి ఆపేసే నాబ్ ఉండదు. సూర్యుడి వైపు తిరిగి ఉన్నంతసేపూ డిష్ వెలుగుతున్న పొయ్యితో సమానం. దాని మీద గిన్నె ఉన్నా, లేకపోయినా అంతే.

ఇది ఎలా పనిచేస్తుంది?

ఇళ్లలో వాడే డిష్ సాధారణంగా 1.4 మీటర్ల వెడల్పు ఉంటుంది. లోపలంతా అద్దంలా మెరిసే అల్యూమినియం రేకులు బిగిస్తారు. డిష్ మీద పడిన ఎండ మొత్తం ఒక చిన్న చోటికి చేరుతుంది. గిన్నె అడుగు సరిగ్గా అక్కడే ఉండాలి. ఈ రకంలో బాగా పేరున్న ఎస్‌కే-14 నమూనాను జర్మనీకి చెందిన ఇంజినీర్ డీటర్ సైఫర్ట్ రూపొందించారు.

మంచి ఎండలో దీని నుంచి 500 నుంచి 600 వాట్ల వేడి వస్తుంది. లీటరు నీళ్లు దాదాపు 10 నిమిషాల్లో, మూడు లీటర్లు అరగంటలో మరుగుతాయి. పెట్టె ఆకారంలో ఉండే సోలార్ కుక్కర్‌లో అన్నం, పప్పు నెమ్మదిగా ఉడుకుతాయి కానీ తాళింపు వేయలేం. డిష్‌తో తాళింపు వేయొచ్చు, పెనం పెట్టి చపాతీ కూడా కాల్చుకోవచ్చు.

డిష్‌కు నేరుగా పడే ఎండే కావాలి. మబ్బు పట్టినా, గాలిలో దుమ్ము, పొగ ఎక్కువగా ఉన్నా వేడి బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో దీన్ని నమ్ముకోలేం.

మన దగ్గర ఎవరైనా వాడారా?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని బైసానివారిపల్లె డిష్ కుక్కర్లతో వంట చేసే ఊరుగా పేరు తెచ్చుకుంది. తిరుమలలో 2002లో ఇదే సూత్రంతో 106 పెద్ద డిష్‌లు ఏర్పాటు చేశారు. అది గిన్నెను నేరుగా వేడి చేసే పద్ధతి కాదు. ఎండతో ఆవిరి తయారుచేసి, దాన్ని వంటశాలకు పంపేలా ఏర్పాటు చేశారు. రోజుకు 15 వేల మందికి వంట చేసే సామర్థ్యంతో దాన్ని రూపొందించారు.

గ్యాస్ ఎంత ఆదా అవుతుంది?

లెక్క వేసి చూద్దాం. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి గిన్నెకు చేరే వేడి దాదాపు 110 నుంచి 120 యూనిట్లు. డిష్ మంచి ఎండలో గంటకు అర యూనిట్ ఇస్తుందనుకుంటే, రోజుకు రెండు గంటల వంటకు ఒక యూనిట్ వస్తుంది. అంటే ఒక సిలిండర్ మిగలాలంటే దాదాపు నాలుగు నెలల పాటు రోజూ ఎండ ఉండాలి, మీరు రోజూ వండాలి. ఏడాదిలో 200 రోజులు వాడినా రెండు సిలిండర్ల లోపే మిగులుతుంది. దీన్ని గ్యాస్‌కు తోడుగానే చూడండి. గ్యాస్ కనెక్షన్ వదులుకోవచ్చని అనుకోవద్దు.

ఎక్కడ పెట్టాలి?

అపార్ట్‌మెంట్ బాల్కనీ దీనికి పనికిరాదు. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు నీడ పడని టెర్రస్ కావాలి. డిష్ చుట్టూ తిరగడానికి వీలుగా కనీసం రెండు మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న ఖాళీ చోటు చూసుకోండి. దగ్గర్లో దండెం మీద బట్టలు, ఎండుటాకులు, ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు, కేబుళ్లు ఉండకూడదు. పిట్టగోడ పక్కన పెడితే వెలుగు ఎదుటి ఇంటి కిటికీల మీద పడే అవకాశం ఉంది. అందరూ వాడే టెర్రస్ అయితే అసోసియేషన్ అనుమతి తీసుకోండి. గాలికి పడిపోకుండా స్టాండ్ కాళ్ల మీద ఇటుకలో, ఇసుక బస్తాలో బరువు పెట్టండి.

ఏ గిన్నె వాడాలి?

అడుగు చదునుగా, బయట నల్లగా ఉండే గిన్నె మేలు. మెరిసే స్టీలు గిన్నె వెలుగును తిప్పికొడుతుంది. వేడిని తట్టుకునే మెరుపు లేని నల్ల పెయింట్‌ను గిన్నెకు బయటి వైపు మాత్రమే వేయాలి. మూత తప్పనిసరి. ప్లాస్టిక్ పిడులున్నవి వద్దు. వెలుగు కాస్త పక్కకు జరిగినా పిడి కరిగిపోతుంది. నాన్‌స్టిక్ పాత్రను ఖాళీగా అసలు పెట్టొద్దు.

వంట చేయడం ఎలా?

1. ముందుగా డిష్‌ను ఎండకు వ్యతిరేక దిశలో తిప్పండి. లోపలి రేకుల మీద నీడ పడాలి.

2. బియ్యమో పప్పో నీళ్లతో సహా గిన్నెలో వేసి, మూత పెట్టి స్టాండ్ మీద ఉంచండి. పప్పు ముందే నానబెడితే సమయం కలిసొస్తుంది.

3. ఇప్పుడు డిష్‌ను మెల్లగా సూర్యుడి వైపు తిప్పండి. చాలా డిష్‌లకు అంచున చిన్న పుల్లలాంటి సూచిక ఉంటుంది. దాని నీడ కనిపించకుండా పోయిందంటే దిశ కుదిరినట్టే. సూర్యుడిని చూడాల్సిన పని లేదు.

4. ప్రతి 15, 20 నిమిషాలకోసారి డిష్‌ను సరిచేయండి. 20 నిమిషాల్లో సూర్యుడు 5 డిగ్రీలు జరుగుతాడు. ఎస్‌కే-14 వంటి డిష్‌లో వెలుగు పడే చోటు ఆ కాస్త సమయంలోనే రెండున్నర సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది.

5. మంట తగ్గించాలంటే డిష్‌ను కొంచెం పక్కకు తిప్పితే చాలు. ప్రెషర్ కుక్కర్ పెడితే విజిల్స్ వచ్చాక డిష్‌ను పూర్తిగా తిప్పేసి, ఆవిరంతా పోయాకే మూత తీయండి.

6. గిన్నె దించే ముందు కూడా డిష్‌ను ఎండకు దూరంగా తిప్పాలి. తర్వాతే మసిగుడ్డతోనో పట్టకారుతోనో పట్టుకోండి.

కళ్లకు, చేతులకు ప్రమాదం ఎంత?

డిష్ లోపలి మెరుపును గానీ, గిన్నె అడుగున పడే వెలుగు చుక్కను గానీ నేరుగా చూడొద్దు. రెటీనా దెబ్బతిన్నా నొప్పి తెలియదు. అందుకే ఇది మరింత ప్రమాదకరం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే మెరుపు తగ్గుతుంది కానీ, వాటితో కూడా వెలుగు చుక్కను చూడకూడదు. డిష్ పక్కన గానీ వెనక గానీ నిలబడి పనిచేయండి. తర్వాత చూపులో నల్ల మచ్చ కనిపిస్తూ పోకపోతే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గిన్నె లేని చోట చేయి పెడితే క్షణాల్లో కాలుతుంది. కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. టూత్‌పేస్ట్, సిరా రాయొద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. మీరు కిందికి దిగాల్సి వస్తే, రెండు నిమిషాలకైనా సరే, డిష్‌ను తిప్పేసి వెళ్లండి.

కొత్తగా వాడేవాళ్లు నూనెలో వేపుళ్లు, బజ్జీల జోలికి పోకపోవడమే మంచిది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా, వీలైతే దూరం నుంచే డిష్‌ను తిప్పి, మూతతో కప్పేయండి.

వంట అయిపోయాక?

చాలామంది మర్చిపోయేది ఇక్కడే. గిన్నె దించేశాక డిష్‌ను అలాగే వదిలేస్తే వెలుగు ఎక్కడ పడుతుందో చెప్పలేం. సూర్యుడు జరిగేకొద్దీ అదీ జరుగుతుంది. అందుకే వాడనప్పుడు డిష్‌ను బోర్లించండి, లేదా మందపాటి ముదురు రంగు గుడ్డ కప్పి తాడుతో కట్టేయండి. ఊరెళ్తున్నప్పుడైతే నీడలోకి చేర్చడమే మేలు.

రేకుల మీద దుమ్ము పేరుకుంటే వేడి తగ్గుతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లతో తుడవండి. పీచు, స్క్రబ్బర్, గిన్నెలు తోమే పౌడర్ వాడితే గీతలు పడి మెరుపు పోతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

డిష్ లోతుగా ఉందో లేదో చూడండి. ఎస్‌కే-14లో వెలుగు చేరే చోటు డిష్ అడుగు నుంచి 28 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే అంచు కంటే కిందే ఉంటుంది. లోతు తక్కువున్న డిష్‌లో ఆ చోటు అంచు దాటి బయటికి వస్తుంది. పక్కన నిలబడినవాళ్లకు తగిలే ప్రమాదం అప్పుడు ఎక్కువ. తిప్పిన తర్వాత డిష్ అక్కడే గట్టిగా నిలుస్తుందా, పాడైన రేకులు విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి.

రాయితీ పథకాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. అమ్మేవాళ్ల మాట మీద డబ్బు కట్టకుండా, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో కార్యాలయాల్లో ముందుగా వాకబు చేయండి.

కొన్న తర్వాత మొదటి రోజు వంట పెట్టుకోవద్దు. లీటరు నీళ్లు పెట్టి మరిగించి చూడండి. డిష్‌ను తిప్పడం, ఆపడం ఇంట్లో పెద్దవాళ్లందరికీ చేతనయ్యాకే బియ్యం కడగండి.