59 రోజులు

2017 మే 15, సోమవారం. కార్ఖానాలోని మా చిన్న ఆఫీసుకి సిస్టమ్స్ చూసే అన్న పొద్దున్నే వచ్చాడు. ఎవర్నీ ఏ మిషనూ ఆన్ చెయ్యనివ్వలేదు. "ముందు కేబుళ్లు పీకండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

వానాక్రై అప్పటికి మూడు రోజుల ముందు, శుక్రవారం మొదలై 150 దేశాల దాకా పాకింది. ఫైళ్లకి తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమనేది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

ఇది పాకడానికి ఎవరూ ఏ మెయిలూ తెరవక్కర్లేదు. నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకోడానికి మాట్లాడుకునే భాష ఒకటుంది, ఎస్ఎంబీ అని. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దానికి పునాది వేశాడు. విండోస్‌లో ఆ పాత వెర్షన్‌ని నడిపే డ్రైవర్ ఏకంగా కెర్నల్‌లో ఉంటుంది. కెర్నల్ అంటే గర్భగుడి; అక్కడిదాకా వచ్చినవాణ్ణి ఆపేవాళ్లుండరు. అసలు తప్పు చూస్తే నవ్వొస్తుంది. ఓఎస్/2 కాలం నాటి ఒక జాబితాని కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు, 32 బిట్ల పొడవుని సవరించాల్సిన చోట కింది 16 బిట్లే సవరించారు. దాంతో సోలెడు గిన్నెలో కుంచెడు బియ్యం పోసినట్టయింది. పొర్లిన బైట్లు పక్క మెమరీ మీద పడతాయి. వాటిని తెలివిగా పేర్చి 445 పోర్టుకి పంపితే, మిషన్ మొత్తం చేతికొస్తుంది.

అమెరికా ఎన్ఎస్ఏ ఈ కన్నాన్ని ముందే కనిపెట్టి, చెప్పకుండా ఆయుధం చేసుకుంది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ దాన్ని బజార్లో పడేశారు. కానీ మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చి 14నే వచ్చేసింది, దాడికి సరిగ్గా 59 రోజుల ముందు.

అందరూ నేరాన్ని ఎక్స్‌పీ మీదకి నెట్టారు. మైక్రోసాఫ్ట్ కూడా, 2014లో వదిలేసిన ఎక్స్‌పీకి మళ్లీ ప్యాచ్ ఇచ్చింది. తీరా కాస్పర్‌స్కీ లెక్కలో బాధితుల్లో 98 శాతం విండోస్ 7 వాళ్లే. అంటే మందు చేతిలో ఉన్నవాళ్లే. వాళ్లని బద్ధకస్తులనడానికి నాకు నోరు రాదు. నెలాఖరు బిల్లుల మధ్యలో రీస్టార్ట్ అడిగే అప్‌డేట్‌ని మేమూ 'తర్వాత' అనే నొక్కాం.

ఇంగ్లండ్‌లో మార్కస్ హచిన్స్ అనే కుర్రాడు వైరస్‌లో కనబడ్డ ఒక వింత డొమైన్ పేరుని రిజిస్టర్ చేస్తే, అది తనంతట తనే ఆగింది. లేకపోతే మా సోమవారం ఇంకోలా ఉండేదేమో.

అన్న పెన్‌డ్రైవ్‌తో ఒక్కో మిషన్‌కీ ప్యాచ్ వేశాడు. పాత ఎస్ఎంబీని కూడా ఆపేశాడు. మధ్యాహ్నానికల్లా మా జెరాక్స్ మిషన్ స్కాన్లు పంపడం మానేసింది, దానికి ఆ పాత భాష తప్ప ఇంకోటి రాదు! ఒక్క కంప్యూటర్లో మళ్లీ ఆన్ చేయించాం.

జూన్ 27న నాట్‌పెట్యా అదే కన్నాన్ని వాడుకుంటూ వచ్చి, ముంబై జేఎన్‌పీటీ రేవులో ఒక టెర్మినల్‌ని ఆపేసింది. మర్నాడు అన్న ఫోన్ చేశాడు. "ఆ జెరాక్స్ మార్చారా?"

మార్చలేదు.